తిట్లు రేపటికి

నా చిన్నప్పుడు ఢిల్లీలో ఎండాకాలం వచ్చిందని మాకు కేలండరు చూస్తే తెలిసేది కాదు, మేడ మీది కూలరు కిందికి దిగితే తెలిసేది. చలికాలమంతా గోనెపట్టా కప్పుకుని పడి ఉన్న ఆ ఇనప డబ్బాని ఏప్రిల్లో మా నాన్న ఇద్దరు మనుషుల్ని సాయం పట్టి దింపించి, ముందుగది కిటికీ బయట ఇనప స్టాండు మీద నిలబెట్టేవారు. మూడు పక్కలా కొత్త వట్టివేళ్ళ తడికలు బిగించేవారు. అడుగున ఓ తొట్టి, అందులో నీళ్ళు, ఆ నీళ్ళని పైకి తోడి తడికల మీద పోసే చిన్న మోటారు, మధ్యలో పెద్ద ఫ్యాను. దాన్ని వేయగానే రోడ్డు మీద లారీ వెళ్తున్నంత చప్పుడు. ఆ చప్పుట్లోనే తినడం, ఆ చప్పుట్లోనే చదవడం. సరోజినీ నగర్ ప్రభుత్వ క్వార్టర్లలో ఉండే మాబోటి గుమాస్తా కుటుంబాలకి అంతకు మించిన భోగం తెలియదు. బయట వీచే వడగాలిని అక్కడివాళ్ళు లూ అంటారు. తలుపు తీస్తే ముఖం మీద పెనం పెట్టినట్టుండేది.

కూలరుకి ఒక నియమం ఉంది. ప్రతి ఆదివారం పొద్దున్న తొట్టి అడుగున ఉన్న బిరడా లాగి, వారం రోజుల పాతనీళ్ళు వదిలేయాలి. పాకుడు గీకి, కాసేపు ఆరనిచ్చి, మళ్ళీ నింపాలి. ఆ పని ఎప్పుడూ మా నాన్నే చేసేవారు. తొంభైల మొదట్లో, నాకు పన్నెండు నిండిన ఆ ఏడు, నువ్వు పెద్దదానివయ్యావు కదా అని నాకప్పగించారు. నేను పొంగిపోయాను. మొదటి ఆదివారం మోచేతుల దాకా దిగి, తొట్టిని అద్దంలా తోమాను. అయితే నింపడం దగ్గరే నడుం పడిపోయింది. కుళాయి పొద్దున గంటసేపు వస్తే గొప్ప, తొట్టికేమో పన్నెండు బకెట్లు పడతాయి. పైగా నేను బకెట్లు మోస్తున్న సమయంలోనే టీవీలో నాకిష్టమైన సీరియల్ వచ్చేది. లోపల్నించి దాని పాట వినబడుతుంటే బయట నీళ్ళు మోస్తూ ఏడుపొచ్చింది నాకు.

ఆ ఏడే మా తాతయ్య కాకినాడ దగ్గర్నించి మా ఇంటికి వచ్చారు. మా నాన్నమ్మ పోయిన తరవాత ఒక్కరే చేయి కాల్చుకుంటున్నారని మా నాన్న వెళ్ళి తీసుకొచ్చారు. తాతయ్య ముప్ఫై ఏళ్ళు ఒక రైసుమిల్లులో బాయిలరు దగ్గర పనిచేసిన మనిషి. ఎండకి, సెగకి, ఊక ధూళికి అలవాటు పడ్డ ఒళ్ళు. చుట్ట మానమని మా అమ్మ మొహమాటపడుతూ చెబితే, "ఆయ్, అలాగేనమ్మా" అని మెట్ల మీదికి వెళ్ళి కాల్చుకునేవారు.

కూలరుని చూసి ఆయన చిన్నపిల్లాడైపోయారు. మిల్లు షావుకారు గారింట్లో ఎండాకాలం గుమ్మాలకి వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవారట. జీతాలరోజున వెళ్ళి వరండాలో నిలబడితే లోపల్నించి ఆ వాసన వచ్చేదట. ముప్ఫై ఏళ్ళు ఆ వాసనని గుమ్మం ఇవతల నిలబడి పీల్చిన మనిషి ఇప్పుడు కూలరుకి సరిగ్గా ఎదురుగా కుర్చీ వేసుకుని, కాళ్ళు చాపుకుని, "ఇదిగో అమ్మడూ, ఇప్పుడు నేనే షావుకారుని" అనేవారు.

మధ్యాహ్నాలు నన్ను పక్కన కూచోబెట్టుకుని బాయిలరు కథలు చెప్పేవారు. బాయిలరుకి ఒక గాజుగొట్టం ఉంటుందట, లోపల నీళ్ళెంత ఉన్నాయో అందులో కనబడుతుంది. నీళ్ళు తగ్గినా చూసుకోకుండా మంట వేస్తూ పోతే బాయిలరు పేలి మిల్లంతా లేచిపోతుంది. అంచేత ఆ మిల్లులో ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఎవడైనా నీళ్ళు చూడడం మరిచిపోయి, గుర్తొచ్చి పరిగెత్తుకొచ్చి "మర్చిపోయానండీ" అని చెప్తే వాణ్ణి ఆ రోజు ఒక్క మాట అనకూడదు. "తిట్లు రేపటికి!" అని మేస్త్రీ అరిచేవాడట. అందరూ వెళ్ళి మంట లాగేసేవాళ్ళు. మర్నాడు మాత్రం వాణ్ణి నిలబెట్టి, మిల్లంతా వినేలా, బాకీ లేకుండా తిట్టేవారు. మరి ఆ రోజే తిడితే ఏం అని అడిగాను. "తిడతారని తెలిస్తే ఎవడు చెప్తాడే? వాడు బుర్ర గోక్కుంటూ నిలబడే లోపల బాయిలరు ఆగద్దా?" అన్నారు. నేను పడీపడీ నవ్వాను. నాకది మిల్లు కథ, అంతే.

రెండో ఆదివారం నేను తొట్టి కడగలేదు. ఒక్క వారానికి ఏం మునిగిపోతుందిలే అనుకున్నాను. బిరడా ముట్టుకోకుండా పైన నాలుగు బకెట్లు పోసి, చేతులు దులుపుకుని టీవీ ముందుకి చేరాను. మా నాన్నకి ఆదివారం పొద్దున రేషను, కూరగాయలు, ఇస్త్రీ బట్టలు. వచ్చేసరికి తొట్టి నిండుగా ఉంది, చూసి మెచ్చుకున్నారు. ఒకసారి తప్పించుకున్నాక మూడో వారం ఇంకా సులువైపోయింది. కాని ఆ వారం మధ్యలో గాలికి ఒక నీచు వాసన మొదలైంది. చేపల బుట్ట కడిగిన నీళ్ళ వాసన.

మార్కెట్లో కూలరు నీళ్ళలో కలిపే వట్టివేళ్ళ అత్తరు చిన్న సీసాల్లో అమ్మేవాళ్ళు. తాతయ్యకి ఇష్టమని మా అమ్మ ఒకటి కొనిపెట్టింది. పండగలకీ పబ్బాలకీ రెండు చుక్కలు వేసేది. నేను మూత నిండా వంపాను. ఇల్లు ఘుమఘుమలాడిపోయింది. తాతయ్య కళ్ళు మూసుకుని గుండెల నిండా పీల్చి, "ఏం కడిగేవే అమ్మడూ! ప్రాణం లేచొచ్చిందనుకో" అన్నారు. "అవును తాతయ్యా" అన్నాను నేను. నోరు తిరగని వయసేం కాదు, కడగలేదని చెప్పడానికి. ఆ మెప్పు పోగొట్టుకోవడం ఇష్టంలేక ఊరుకున్నాను. అలా నాలుగు ఆదివారాలు గడిచాయి.

మే నెల నడిమధ్యన ఒక మధ్యాహ్నం తాతయ్యకి వణుకుతో జ్వరం వచ్చింది. అంతకు ముందురోజే ఎండలో నడిచి మార్కెట్టుకి వెళ్ళొచ్చారు. అందరం వడదెబ్బ అనుకున్నాం. మా అమ్మ మజ్జిగలో ఉప్పు వేసి తాగించింది, అరికాళ్ళకి ఉల్లిపాయ రసం రాసింది. ఇంకా చల్లగా ఉండాలని మేమందరం కలిసి ఆయన మంచాన్ని కూలరుకి మరింత దగ్గరగా జరిపాం. నేనూ ఒక కోడు పట్టుకున్నాను. వాసన కాస్త హాయిగా ఉంటుందని సీసా మళ్ళీ వంపింది కూడా నేనే.

మర్నాటికి పొడి దగ్గు, విరేచనాలు. ఆ మర్నాటికి మాటలు తడబడ్డాయి. మా అమ్మని పట్టుకుని మేస్త్రీ పేరుతో పిలిచి, గొట్టంలో నీళ్ళు చూశావా అని అడిగారు. ఊపిరి తీసుకుంటే పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. మా నాన్న ఆఫీసు మానేసి, టాక్సీ పిలిచి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఎక్స్‌రేలో ఒక ఊపిరితిత్తి సగం తెల్లగా ఉందన్నారు. న్యుమోనియా అని సూదులు మొదలుపెట్టారు. రెండు రోజులు సూదులు పడుతూనే ఉన్నాయి, తెలుపు రెండో పక్కకి కూడా పాకింది. ఐదో రోజున గొంతులోకి గొట్టం వేసి ఊపిరి యంత్రానికి కలిపారు. ఆయనంతట ఆయన గాలి పీల్చుకోలేకపోతున్నారని, యంత్రమే పీలుస్తోందని మా నాన్న మా అమ్మకి చెబుతుంటే విన్నాను.

బడికి సెలవులు. ఇంట్లో ఒక్కదాన్నీ వదల్లేక మా అమ్మ నన్ను వెంట తీసుకెళ్ళేది. వార్డు బయట బల్ల మీద కూర్చునేవాళ్ళం. గొట్టం వేసిన రోజునే పదకొండింటికి పెద్ద డాక్టరమ్మ వచ్చారు. నెరిసిన జుట్టు, నూలు చీర, కాళ్ళకి రబ్బరు చెప్పులు. ఇంత మందిచ్చినా లొంగలేదంటే ఇది మామూలు పురుగు కాదు, ఎక్కణ్ణించి వచ్చిందో తెలిస్తే సగం పని అవుతుందని హిందీలో చెప్పి, మా నాన్నని ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగారు. ఊరినుంచి ఎప్పుడొచ్చారు, చిలకల్ని గాని పావురాల్ని గాని పెంచుతారా, ఇంట్లో ఎవరికైనా క్షయ ఉందా. చివరికి, కూలరు ఉందా, కడుగుతారా అన్నారు.

మా నాన్న నా భుజం మీద చేయి వేశారు. "ఉంది డాక్టర్ సాబ్. మా అమ్మాయే కడుగుతుంది. ఒక్క ఆదివారం తప్పదు" అన్నారు. ఆ కష్టంలోనూ ఆయన మాటలో గర్వం ఉంది.

డాక్టరమ్మ నావైపు చూసి నవ్వారు. "అచ్ఛా! మొన్న ఆదివారం బిరడా లాగితే నీళ్ళు ఏ రంగులో వచ్చాయి బేటా?"

తెల్లగా వచ్చాయన్నాను. ఆవిడ తల ఊపారు. మా నాన్న మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్ళారు, మా అమ్మ అద్దం తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది. అప్పుడావిడ వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చున్నారు. తనకీ కూలరు ఉందన్నారు. ఢిల్లీ దుమ్ముకి వారం తిరిగేసరికి తొట్టిలో నీళ్ళు టీ రంగుకి వస్తాయని, ఇరవై ఏళ్ళుగా కడుగుతున్నా తెల్లటి నీళ్ళు ఒక్కసారీ రాలేదని అన్నారు. అబద్ధమాడావని అనలేదు. లేస్తూ, "ఇంకో ఇద్దర్ని చూసి ఆ ఎదురుగదిలో కూర్చుంటాను. తలుపు తీసే ఉంటుంది" అని వెళ్ళిపోయారు.

ఆ బల్ల మీద నేను ఎంతసేపున్నానో చెప్పలేను. తాతయ్య పోతారేమోనని భయం. చెప్తే మా నాన్న చేయి నా భుజం మీంచి ఎప్పటికీ తీసేస్తారేమోనని ఇంకో భయం. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో రెండో భయమే పెద్దది. ఇప్పటికీ అది తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది. అద్దం తలుపు ఎప్పుడు తెరుచుకున్నా లోపల యంత్రం బుస్సు బుస్సుమని వినబడేది. నాకు మిల్లు గుర్తొచ్చింది. బుర్ర గోక్కుంటూ నిలబడ్డవాణ్ణి నేనే. బాయిలరేమో ఆగేట్టు లేదు.

వెళ్ళి చెప్పేశాను. నాలుగు ఆదివారాలు, పైన పోసిన బకెట్లు, నీచు వాసన, అత్తరు, మంచం జరపడం అన్నీ. ఏడుస్తూ, సగం హిందీలో సగం తెలుగులో చెప్పాను. ఆవిడ కోప్పడతారని తల దించుకుని నిలబడితే, కోపం లేదు సరికదా, ఓదార్పు కూడా లేదు. ప్రశ్నలే. కుర్చీ ఎంత దూరంలో ఉండేది? రోజుకి ఎన్ని గంటలు? గాలితోపాటు నీటి తుంపర మీద పడేదా? అన్నీ రాసుకుని, లేచి, ఆ రబ్బరు చెప్పులతోనే దాదాపు పరిగెత్తినట్టు వార్డులోకి వెళ్ళారు.

సాయంత్రం ఆవిడే నన్ను పిలిచి, నాకర్థమయ్యేలా చెప్పారు. వెచ్చగా నిలవున్న నీళ్ళలో పెరిగే ఒక పురుగు ఉందట. నీళ్ళు తాగితే పెద్దగా ఏం చెయ్యదు, తుంపరతో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతేనే ప్రమాదం. ముసలివాళ్ళని, పొగ తాగేవాళ్ళని ముందు పట్టుకుంటుంది. న్యుమోనియాకి మామూలుగా ఇచ్చే సూదులు దాన్ని తాకనైనా తాకవు. దానికి వేరే మందుంది, పాత మందే. పరీక్ష చేయించాలంటే రోజులు పడతాయి, అంత వ్యవధి లేదు, అందుకని మందు మొదలుపెట్టేశామన్నారు. తాతయ్య బతుకుతారా అని అడిగాను. "తెలియదు బేటా. పొద్దున్నకంటే ఇప్పుడు కాస్త ఆశ ఉంది" అన్నారు. మీ నాన్నతో కూలరు ఆపమని మాత్రం చెప్పాను, తక్కినది చెప్పుకోవలసింది నువ్వే అని కూడా అన్నారు.

ఇంటికి వెళ్ళడానికి బస్టాపులో నిలబడ్డప్పుడు మా నాన్నకి చెప్పాను. ఆయన కొట్టలేదు. ఇంటికొచ్చి చొక్కా అయినా విప్పకుండా బిరడా లాగారు. నీళ్ళు టీ రంగులో కూడా లేవు, పచ్చగా, జిగటగా, తీగలు తీగలుగా వచ్చాయి. అత్తరు వాసనా, నీచు వాసనా కలిసి గుప్పుమన్నాయి. ఆయన అక్కడే గట్టు మీద కూలబడి, "నీ తరఫున నేను మాటిచ్చానే" అన్నారు. చెంపదెబ్బ తిన్నా అంత ఏడ్చేదాన్ని కాదు.

రెండు రోజులు ఏ మార్పూ లేదు. మూడో రోజు జ్వరం దిగింది. పదో రోజున యంత్రం తీసేశారు. కళ్ళు తెరిచి, గొట్టం వల్ల గొంతు రాసుకుపోయి మాట రాక, నర్సు ఏం అడిగినా పెదాలతోనే "ఆయ్" అంటున్నారని మా అమ్మ నవ్వుతూ ఏడుస్తూ చెప్పింది. కూలరే కారణమని చివరిదాకా ఎవరూ తేల్చలేదు. బిరడా లాగినప్పుడు మా నాన్న సీసాలో పట్టి పరీక్షకి ఇచ్చిన నీళ్ళ ఫలితం మాకు తెలియలేదు. చుట్టలున్నాయి, వయసుంది, ఇది ఒక్కటే అనలేమని డాక్టరమ్మ మా నాన్నతో అన్నారు. నా భారం తగ్గించడానికి కాదు, ఉన్నమాటే అన్నారు. మందు పనిచేసిందన్నది మాత్రం ఖాయం.

జూన్ రెండో వారంలో తాతయ్య ఇంటికొచ్చారు. చొక్కా హేంగరుకి తగిలించినట్టు వేలాడుతోంది. కూలరు ఎండిపోయి కిటికీలో ఉంది. ఆ మూడు వారాలూ మేము తడి దుప్పట్లు కప్పుకుని పడుకున్నాం. ఆదివారం పాతసామాన్లు కొనే కబాడీవాడు వస్తాడు, ఇచ్చేస్తానని మా నాన్న అన్నారు. ఎందుకని తాతయ్య అడిగారు. ఆయనకి ఎవరూ ఏమీ చెప్పలేదని అప్పుడు నాకర్థమైంది.

నేనే చెప్పాను. "అవును తాతయ్యా" అన్న ఆ అబద్ధం దగ్గర్నించి మొదలుపెట్టాను. ఆయన నా ముఖంలోకి అలా చూస్తూ ఉండిపోయారు. వాసన బాగుందని తను పీల్చిన పీల్పులన్నీ లెక్కకి తెచ్చుకుంటున్నట్టనిపించింది నాకు. తరవాత ఒక్కటే అడిగారు.

"డాక్టరమ్మతో చెప్పింది నువ్వేనా?"

తల ఊపాను.

"సరే. తిట్లు రేపటికి. ముందు అన్నం తిను."

నేను నమ్మలేదు. ముసలాయన నా మీది ప్రేమకొద్దీ దాటవేశారనుకున్నాను. కాని మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతూనే కేకేశారు. ఎదురుగా నిలబెట్టారు. "బుద్ధి గడ్డి తిందా? ఏమే పనిదొంగా, టీవీలో బొమ్మకోసం..." అని అందుకున్నారు. అంతలోనే ఊపిరి అందలేదు. ఆగమని నాకు చేయి చూపించి, గుండె మీద అరచెయ్యి పెట్టుకుని, రెండుసార్లు గాలి పీల్చుకుని, ఎక్కడ ఆగారో అక్కడినుంచే మళ్ళీ మొదలుపెట్టారు. నాలుగు మాటలు తిట్టడం, చేయి ఎత్తడం, ఊపిరి తీసుకోవడం. అలా పావుగంట. నా తప్పేమిటో తిట్లు చెప్పలేదు నాకు, మధ్య మధ్య ఆయన ఊపిరికోసం ఆగిన క్షణాలు చెప్పాయి. మా అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. మా నాన్న పేపరు అడ్డం పెట్టుకున్నారు, చదవడం లేదు.

తిట్టడం అయ్యాక, "అయిపోయింది. బ్రష్షు పట్రా" అన్నారు. బయట స్టూలు వేయించుకుని, తువ్వాలు ముక్కుకి కట్టుకుని, నాకూ కట్టించి, దగ్గరుండి తొట్టి తోమించారు. బ్లీచింగు పోసి, కడిగి, ఎండబెట్టించి, మళ్ళీ కడిగించారు. పాత తడికలు పారేసి మా నాన్న కొత్తవి తెచ్చారు. అత్తరు సీసా మిగిలినదంతా తాతయ్యే మోరీలో వంపేశారు. మధ్యాహ్నం కూలరు వేసి, డాక్టరమ్మ ఎదురుగా వద్దన్నారు కాబట్టి కొంచెం పక్కకి మంచం వేయించుకున్నారు. మా అమ్మ భయపడిపోయి, "మావయ్యగారూ, ఇవాళొద్దండీ" అంది.

"ఈవేళ కడిగింది కదమ్మా" అన్నారాయన. అటు తిరిగి పడుకుని, కాసేపటికి గుర్రు పెట్టారు. నేను మంచం పక్కన కింద కూచుని ఆయన వీపు లేవడం, దిగడం చూస్తూ ఉండిపోయాను. నేను కడిగిన తొట్టి మీంచి వచ్చిన గాలిని, ఒకసారి ప్రాణం మీదికి తెచ్చిన ఆ గాలినే, ఆయన నా మాట మీద మళ్ళీ పీల్చుకుంటున్నారు. ఆ వేసవి తరవాత ఆయన ఏడేళ్ళున్నారు. చుట్ట మళ్ళీ ముట్టలేదు. నేను ఆదివారం తప్పలేదు.

ఇప్పుడు నా జుట్టు ఆ డాక్టరమ్మ జుట్టులాగే తయారవుతోంది. ఒక ఆసుపత్రిలో ఆపరేషను సామాన్లు ఆవిరిలో శుద్ధిచేసే విభాగం చూస్తాను. మా యంత్రాలు కూడా ఒకరకం బాయిలర్లే. మొన్న నాకంటే వయసులో పెద్దాయన, నలుగురు పిల్లల తండ్రి, చెమటలు కక్కుకుంటూ వచ్చి, ఒక ట్రే సరిగ్గా ఉడకకుండానే పైన ఆపరేషను గదికి పంపేశానండీ అన్నాడు. తిట్లు రేపటికి అన్నాను. మేమిద్దరం మెట్లెక్కి పరిగెత్తాం. ట్రే ఇంకా విప్పలేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన నా బల్ల ముందుకి తనంతట తనే వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను మొదలుపెట్టాను. తిట్టేటప్పుడు నాకు తెలియకుండానే కాకినాడ యాస వచ్చేస్తుందని మావాళ్ళంటారు. యాస సంగతి నాకు తెలియదు. నాలుగు మాటలకొకసారి ఆగి, గుండె మీద అరచెయ్యి పెట్టుకుని ఊపిరి తీసుకుంటాను. నా ఊపిరితిత్తులకి ఏ జబ్బూ లేదు.